కాలేజీ అప్లికేషన్ల ఏడాది: అమెరికాలో పన్నెండో తరగతి పిల్లలున్న తెలుగు ఇళ్లకు ఒక మార్గదర్శి

మనలో చాలామంది ఎంసెట్ ర్యాంకుతో ఇంజినీరింగ్‌లో చేరినవాళ్లం. ర్యాంకు వచ్చేది, కౌన్సెలింగ్‌కు వెళ్లేవాళ్లం, ఆ ర్యాంకుకు దొరికిన కాలేజీలో చేరిపోయేవాళ్లం. ఇక్కడ పిల్లలు సీనియర్ ఇయర్‌కి వచ్చేసరికి మనకు తెలిసిన ఆ లెక్క ఏదీ పనికిరాదు. 1580 ఎస్ఏటీ స్కోరు ఉన్న అమ్మాయికి సీటు రాని చోట, అంతకంటే తక్కువ స్కోరున్న ఆమె క్లాస్‌మేట్‌కు వస్తుంది. ఎందుకో ఎవరూ చెప్పరు. కటాఫ్ అంటూ ప్రకటించరు. రీకౌంటింగ్ అడగడానికీ ఏమీ ఉండదు.

ఇలాంటి పద్ధతిలో తల్లిదండ్రుల చేతిలో నిజంగా ఉండేవి నాలుగే: డబ్బు, కాగితాలు, తేదీలు, ఇంట్లో వాతావరణం. వ్యాసాలు, కాలేజీల ఎంపిక, టీచర్లతో మాట్లాడటం పిల్లల పని. ఈ గీతను జూన్‌లోనే గీసుకున్న ఇళ్లలో డిసెంబరు కొంచెం ప్రశాంతంగా గడుస్తుంది.

1. జూన్, జులై: ముందు డబ్బు మాట

చాలా ఇళ్లలో ఈ మాట ఏప్రిల్‌లో వస్తుంది. అప్పటికి పిల్లల చేతిలో అడ్మిషన్ లెటర్ ఉంటుంది, మన చేతిలో బిల్లు ఉంటుంది. అప్పుడు "ఇంత కట్టలేం నాన్నా" అనడం కంటే క్రూరమైన పని ఇంకోటి లేదు. పదకొండో తరగతి అయిపోయిన వేసవిలోనే భార్యాభర్తలిద్దరూ విడిగా కూర్చుని, నాలుగేళ్లకు మొత్తం ఎంత పెట్టగలమో ఒక అంకెకు రండి. తర్వాత ఆ అంకెను పిల్లలకు చెప్పండి. "మేం చూసుకుంటాంలే, నువ్వు చదువుకో" అనే మాట ప్రేమతో అన్నదే అయినా, దాన్ని పట్టుకుని పిల్లలు ఎటువంటి లిస్టు అయినా రాసుకుంటారు.

పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో ట్యూషన్, హాస్టల్, భోజనం అన్నీ కలిపి ఏడాది ఖర్చు 90 వేల డాలర్లు దాటిపోయింది. కాలిఫోర్నియా వాళ్లకు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లో ఉండి చదివితే 40 వేల పైమాట. ఐవీ లీగ్ ఎనిమిది కాలేజీల్లో మెరిట్ స్కాలర్‌షిప్ అనేదే లేదు. అక్కడ ఇచ్చే సాయమంతా కుటుంబ ఆదాయం, ఆస్తి చూసి ఇచ్చేదే. ఇద్దరూ ఐటీలో పనిచేస్తున్న ఇంటికి అందులో పెద్దగా ఏమీ రాకపోవచ్చు. అలాగని ముందే ఆశ వదులుకోనక్కర్లేదు. 2025-26 నుంచి హార్వర్డ్, ఎంఐటీ రెండూ 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం, మామూలు ఆస్తులు ఉన్న కుటుంబాలకు ట్యూషన్ ఉచితం చేశాయి.

ఊహలతో పని లేదు. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో, సాయం పోను మీ ఇంటికి ఎంత పడుతుందో లెక్కేసే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది. 2011 నుంచి అది చట్టప్రకారం తప్పనిసరి. మీ ట్యాక్స్ రిటర్న్ పక్కన పెట్టుకుని, పిల్లలు అడుగుతున్న కాలేజీల్లో ఓ ఐదారింటికి ఆ లెక్క వేయండి. అందులో వచ్చేది అంచనానే. కానీ ఏది అందుతుందో, ఏది అందదో ఒక శనివారం మధ్యాహ్నంలో తెలిసిపోతుంది.

అప్పు విషయం కూడా ఇప్పుడే చూసుకోవాలి. మొదటి ఏడాది విద్యార్థి పేరు మీద ఫెడరల్ లోను సాధారణంగా 5,500 డాలర్లకు మించి రాదు. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ లోనుకు 2026 జులై 1 నుంచి పరిమితి పెట్టారు: ఒక్కో బిడ్డకు ఏడాదికి 20 వేలు, మొత్తం మీద 65 వేలు. అంతకుముందు ఎంత ఖర్చయితే అంత ఇచ్చేవాళ్లు. మీ కంటే ముందు పిల్లల్ని చదివించిన స్నేహితుల సలహా ఈ ఒక్క విషయంలో పాతబడిపోయింది.

2. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు లెక్క వేరు

మన సంఘంలో దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు ఉంటారు. పెద్దబ్బాయి హైదరాబాద్‌లో పుట్టి మూడేళ్లప్పుడు వచ్చాడు, చిన్నమ్మాయి న్యూజెర్సీలో పుట్టింది. గ్రీన్‌కార్డు క్యూ కదలదు. ఇద్దరూ ఒకే స్కూల్లో చదివినా కాలేజీ దగ్గరకొచ్చేసరికి దారులు వేరైపోతాయి.

ఇక్కడ పుట్టిన పాప అమెరికా పౌరురాలు. తల్లిదండ్రులు హెచ్-1బీ మీద ఉన్నా సరే, ఆమె ఫెడరల్ సాయానికి ఫాఫ్సా నింపవచ్చు. ఆ ఫారం చూసేది విద్యార్థి స్థితినే. హెచ్-4 మీద ఉన్న అబ్బాయికి ఫెడరల్ గ్రాంటు గానీ లోను గానీ రాదు. చాలా ప్రైవేటు కాలేజీలు అతన్ని అంతర్జాతీయ విద్యార్థుల లెక్కలో వేస్తాయి. అక్కడ డబ్బు సాయం అడిగితే అడ్మిషన్ మీదే ప్రభావం పడొచ్చు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్ వంటి కొన్ని మాత్రం విదేశీ విద్యార్థుల విషయంలోనూ డబ్బు అవసరాన్ని చూడకుండా నిర్ణయం తీసుకుంటాయి.

ఇన్‌స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రం వాళ్లకు ఉండే తక్కువ ఫీజు) రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. చాలాచోట్ల హెచ్-4 పిల్లలకు ఇస్తారు, కానీ అడిగే కాగితాలు వేరువేరు. యూనివర్సిటీలో రెసిడెన్సీ నిర్ణయించే ఆఫీసుకు పిల్లల చేత ఈమెయిల్ రాయించి, జవాబును దాచి ఉంచండి. ఫోన్లో చెప్పిన మాటను నమ్ముకోవద్దు. 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుంది, ఎఫ్-1కి మారాల్సి వస్తుంది. ఆ మార్పుతో కొన్నిచోట్ల ఇన్‌స్టేట్ ఫీజు కూడా పోవచ్చు. అది సరిగ్గా కాలేజీ మూడో ఏడాదిలో పడుతుంది కాబట్టి, నాలుగేళ్ల బడ్జెట్ వేసేటప్పుడు చివరి రెండేళ్లకు ఔటాఫ్‌స్టేట్ ఫీజు వేసి చూడండి. ఇమిగ్రేషన్ లాయర్‌తో ఈ వేసవిలోనే ఒక గంట మాట్లాడటం ఏ ప్రైవేటు కాలేజీ కన్సల్టెంట్‌కు ఇచ్చే ఫీజు కంటే మేలు.

ఇంకొకటి. ఈ విషయం పిల్లాడికి తెలియకుండా దాచకండి. చెల్లికి వచ్చేది తనకెందుకు రాదో ఫారం నింపుతూ తెలుసుకోవడం కంటే, మీ నోటి నుంచి వినడమే నయం.

3. కాలేజీల లిస్టు

ఎనిమిది నుంచి పన్నెండు చాలు. ఒకే అప్లికేషన్‌ను చాలా కాలేజీలకు పంపే కామన్ యాప్‌లో ఇరవై వరకు వేసుకోనిస్తారు, అయినా ఇరవై కాలేజీలకు మంచి వ్యాసాలు రాయగల పదిహేడేళ్ల పిల్లలు అరుదు. ప్రతి కాలేజీ "మా దగ్గరికే ఎందుకు" అని మళ్లీ ఒకట్రెండు చిన్న వ్యాసాలు అడుగుతుంది. పైగా ఒక్కో అప్లికేషన్‌కు 50 నుంచి 90 డాలర్ల దాకా ఫీజు.

లిస్టును కింది నుంచి కట్టండి. మొదట దాదాపు ఖాయంగా వచ్చే కాలేజీలు రెండు, అవి మీరు కట్టగలిగేవి అయి ఉండాలి, పిల్లలు వెళ్లడానికి ఇష్టపడేవి కూడా అయి ఉండాలి. ఈ మూడూ కుదిరితేనే దాన్ని సేఫ్టీ అనాలి. మన ఇళ్లలో ముందు ఐవీలు రాసి, చివర్లో మనసు చంపుకుని లోకల్ స్టేట్ యూనివర్సిటీ పేరు చేరుస్తారు. ఆ చివరి పేరుకే వెళ్లాల్సి వస్తే ఆ బిడ్డ ఓడిపోయినట్టు బాధపడుతుంది. ఆ బాధ మనం నేర్పిందే.

కంప్యూటర్ సైన్స్ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త కావాలి. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్, ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్ వంటి చోట్ల యూనివర్సిటీలో సీటు రావడం వేరు, సీఎస్‌లో సీటు రావడం వేరు. వేరే బ్రాంచిలో చేరి తర్వాత మారదామనుకుంటే చాలా కష్టం. టెక్సస్‌లో క్లాసు పైవరుసలో ఉన్న పిల్లలకు యూటీ ఆస్టిన్‌లో చట్టప్రకారం సీటు వస్తుంది (2026 ఫాల్ నుంచి అది పై 5 శాతానికి తగ్గింది), అయితే ఆ హామీ యూనివర్సిటీకే, కోరుకున్న మేజర్‌కు లేదు. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో "మావాడు టాప్ ఫైవ్‌లో ఉన్నాడు, ఇక భయం లేదు" అనుకునే ముందు ఈ సంగతి చూసుకోవాలి.

కమ్యూనిటీ కాలేజీ అనగానే మన పార్టీల్లో గొంతులు తగ్గుతాయి. కాలిఫోర్నియాలో అక్కడ రెండేళ్లు చదివి, నిర్ణయించిన గ్రేడ్లు తెచ్చుకుంటే డేవిస్, అర్వైన్, శాంటా బార్బరాతో సహా ఆరు యూసీ క్యాంపస్‌లకు గ్యారంటీ ట్రాన్స్‌ఫర్ ఒప్పందం ఉంది. చివరకు వచ్చే డిగ్రీ మీద యూసీ పేరే ఉంటుంది.

4. ఆగస్టు: ఖాతాలు, పేర్లు, ఉత్తరాలు

కామన్ యాప్ ఏటా ఆగస్టు 1న కొత్త ఏడాదికి తెరుచుకుంటుంది. యూసీ అప్లికేషన్ కూడా అదే రోజు తెరిచినా, పంపడానికి అక్టోబరు 1 నుంచి నవంబరు 30 వరకే గడువు. ఖాతాలు పిల్లల ఈమెయిల్‌తోనే తెరవాలి. స్కూలు ఇచ్చిన ఈమెయిల్ వాడొద్దు, గ్రాడ్యుయేషన్ తర్వాత అది మూసేస్తారు. పాస్‌వర్డు మీకు కావాలా వద్దా అన్నది మీ ఇంటి ఒప్పందం. ఏదేమైనా వాళ్ల పేరుతో మీరు కాలేజీకి మెయిల్ రాయకండి.

పేర్ల గొడవ మనకు ఎక్కువ. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, స్కూలు రికార్డులో ఇంకోలా, సోషల్ సెక్యూరిటీ కార్డులో మరోలా ఉంటుంది. ఎస్ఏటీ, ట్రాన్స్‌క్రిప్టు, కామన్ యాప్ మూడింట్లో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే సరిచూడండి. ఫాఫ్సాలో పేరు సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఉన్నట్టే ఉండాలి, అమ్మానాన్నల పేర్లతో సహా. ఈ సరిచూసే పని ఎవరి ఆత్మగౌరవాన్నీ దెబ్బతీయదు, నిరభ్యంతరంగా మీరే చేయండి.

రికమెండేషన్ లెటర్లు పదకొండో తరగతిలో పాఠం చెప్పిన టీచర్లను అడగడం మంచిది, వీలైతే వేసవి సెలవులకు ముందే. అడగాల్సింది పిల్లలే. స్కూలు కౌన్సెలర్‌కు వందల మంది విద్యార్థులుంటారు, మీ పిల్లల గురించి ఆయనకు అంతగా తెలిసే అవకాశం లేదు. అందుకే చాలా స్కూళ్లు తల్లిదండ్రులకు బ్రాగ్ షీట్ అనే ఫారం ఇస్తాయి. దాన్ని బద్ధకించకుండా నింపండి. "కష్టపడే స్వభావం, క్రమశిక్షణ" అని రాస్తే అది ఏ పిల్లలకైనా సరిపోతుంది. తాతయ్య ఆపరేషన్ తర్వాత మూడు నెలలు రోజూ సాయంత్రం మందుల లెక్క చూసింది ఎవరో, తమ్ముడికి ఈత నేర్పింది ఎవరో రాయండి. కౌన్సెలర్ ఉత్తరంలోకి వెళ్లేవి అవే.

టెస్టుల సంగతి క్లుప్తంగా. యూసీలు, కాల్ స్టేట్ క్యాంపస్‌లు ఎస్ఏటీ, ఏసీటీ స్కోర్లను అడ్మిషన్‌కు చూడవు. ఎంఐటీ 2022లో మళ్లీ తప్పనిసరి చేసింది. డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, క్యాల్‌టెక్ 2024లో అదే దారి పట్టాయి. మిగతావి కాలేజీ పేజీలో చూసుకోవాలి.

5. సెప్టెంబరు: వ్యాసాలు, అంటే మీరు దూరంగా ఉండాల్సిన చోటు

కామన్ యాప్ ప్రధాన వ్యాసం 650 మాటలకు మించకూడదు. యూసీకి ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కోటి 350 మాటల్లో జవాబులు. కామన్ యాప్‌లో చేసిన పనుల పట్టికకు పది గడులు, ఒక్కో పనిని వర్ణించడానికి 150 అక్షరాలు. ఎనిమిదేళ్ల కూచిపూడి, ఆరంగేట్రంతో సహా, 150 అక్షరాల్లో ఇమడాలి.

వ్యాసం చదివే అడ్మిషన్ ఆఫీసర్‌కు నలభై అయిదేళ్ల గొంతు ఇట్టే తెలిసిపోతుంది. నాన్న దిద్దిన వాక్యాలు ఆఫీసు రిపోర్టులా గంభీరంగా ఉంటాయి. ఒకసారి ఊరెళ్లి పేదరికం చూసి జీవితం మారిపోయిందన్న కథ, రోబోటిక్స్ పోటీలో ఓడి గెలిచిన కథ, లంచ్‌బాక్సులో ఇడ్లీ చూసి క్లాస్‌మేట్లు నవ్వారన్న కథ: ఈ మూడూ మన పిల్లల వ్యాసాల్లో పదే పదే వస్తాయి. నిజమే కావచ్చు, కానీ ఆ బిడ్డ మాత్రమే చెప్పగలిగిన వివరం అందులో లేకపోతే చదివేవాళ్లకు గుర్తుండదు. శనివారాలు నాన్నతో కలిసి పాత కారు బ్రేకులు మార్చడం గురించి రాస్తానంటే రాయనివ్వండి. "ఇందులో నీ గొప్పతనం ఏముంది?" అని అడగకండి.

చదవమని వాళ్లే ఇస్తే చదవండి, ఇవ్వకపోతే అడగొద్దు. చదివాక పెన్ను పట్టుకోకుండా నోటితోనే చెప్పండి: ఎక్కడ నువ్వు కనిపించావు, ఎక్కడ నాకు అర్థం కాలేదు. అంతవరకే. వాక్యాలు చూసిపెట్టడానికి ఇంగ్లిష్ టీచర్ ఉన్నారు. చాట్‌జీపీటీ చేత రాయించడం గురించి కూడా ఒకమాట చెప్పాలి. ఏఐ రాసినదాన్ని తమదిగా పంపడాన్ని కామన్ యాప్ మోసం కింద లెక్కవేస్తుంది. ఇంట్లో మీరే "కొంచెం దాంతో పాలిష్ చేయించు" అంటే ఆ నియమానికి విలువుండదు.

కన్సల్టెంట్లు వేల డాలర్లు అడుగుతారు. తేదీలు గుర్తుచేయడానికి, తల్లీబిడ్డల మధ్య గొడవ తగ్గించడానికి పనికొస్తారు, కాదనను. సీటు గ్యారంటీ అన్నవాడి గుమ్మం మాత్రం ఎక్కకండి.

6. అక్టోబరు, నవంబరు: ఎర్లీ రౌండు, ఫాఫ్సా

ఎర్లీ యాక్షన్ అంటే ముందే వేసుకోవచ్చు, కట్టుబడక్కర్లేదు. యూటీ ఆస్టిన్‌కు, జార్జియా వాళ్లయితే జార్జియా టెక్‌కు అక్టోబరు 15 ప్రాంతంలో, చాలా కాలేజీలకు నవంబరు 1న గడువు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్ కట్టుబాటు అడగవు గానీ, ఒకచోట ముందుగా వేస్తే మిగతా ప్రైవేటు కాలేజీలకు ఎర్లీ వేయనివ్వవు.

ఎర్లీ డెసిషన్ వేరు. సీటు ఇస్తే చేరతామని విద్యార్థి, తల్లిదండ్రుల్లో ఒకరు, కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెడతారు. సాయం సరిపోకపోతే విడిపించుకోవచ్చు, కానీ నాలుగు కాలేజీల ఆఫర్లు పక్కపక్కన పెట్టి పోల్చుకునే అవకాశం ఉండదు. నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ చూపిన అంకెను నిబ్బరంగా కట్టగలిగితేనే సంతకం పెట్టండి. అవకాశాలు పెరుగుతాయట కదా అని ఎవరో చెప్పినందుకు పెట్టొద్దు.

దీపావళి తరచూ ఈ గడువుల దగ్గర్లోనే వస్తుంది. ఆ ఏడాది ముగ్గు చిన్నదైనా, పిండివంటలు కొనుక్కొచ్చినా లక్ష్మీదేవి ఏమీ అనుకోదు. గడువు రోజు రాత్రి 11:59కి సర్వర్లు మొరాయిస్తాయి. రెండు రోజుల ముందు పంపించేయడం ఇంటి నియమంగా పెట్టుకోండి.

ఫాఫ్సా సాధారణంగా అక్టోబరు 1న తెరుచుకుంటుంది. ఇది పూర్తిగా మీ పని. విద్యార్థికి, తల్లిదండ్రులకు వేర్వేరు ఖాతాలు కావాలి, వాటి ధ్రువీకరణకు రోజులు పట్టొచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని అమ్మకు కూడా ఖాతా తెరిచే వీలుంది. లెక్కలోకి తీసుకునేది పిల్లలు పదో తరగతి రెండో సగం, పదకొండో తరగతి మొదటి సగం చదివిన క్యాలెండర్ ఏడాది ఆదాయం. ఆ ఏడాదిలో షేర్లు అమ్మి ఉంటే ఆ లాభం కూడా కనిపిస్తుంది. ఉంటున్న ఇల్లు, 401కే లెక్కలోకి రావు. మన దగ్గర మెలిక ఎక్కడంటే, శంషాబాద్ దగ్గర కొన్న ప్లాటు, గుంటూరులో అద్దెకిచ్చిన ఫ్లాట్ మీ పేరున ఉంటే అవి ఆస్తులే, రాయాల్సిందే. "ఇండియాలోది వీళ్లకేం తెలుస్తుంది" అనే సలహా వినకండి. తప్పుడు వివరాలిచ్చినట్టు తేలితే సాయం తిరిగి కట్టడంతో ఆగదు.

చాలా ప్రైవేటు కాలేజీలు దీనితోపాటు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఫారం కూడా అడుగుతాయి. అది ఇంకా లోతుగా తవ్వుతుంది. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే ఫాఫ్సాలో దొరికే వెసులుబాటు 2024-25 నుంచి పోయింది. ప్రొఫైల్ వాడే కొన్ని కాలేజీలు ఇప్పటికీ దాన్ని పరిగణిస్తాయి, కాబట్టి కవల పిల్లలున్న ఇళ్లు దీన్ని వదలకూడదు.

7. ఈ నెలల్లో ఇల్లు

కాలేజీ మాటకు వారంలో ఒక పూట కేటాయించండి, ఆదివారం సాయంత్రం అనుకోండి. ఆ గంటలో తేదీలు, కాగితాలు, డబ్బు, అన్నీ అడగండి. మిగతా రోజుల్లో భోజనాల దగ్గర ఆ ఊసు వద్దు. "వ్యాసం ఎంతవరకు వచ్చింది?" అని రోజూ అడిగితే పిల్లలు గదిలోంచి బయటికి రావడం మానేస్తారు.

బంధువుల ఫోన్లకు ముందే ఒక మాట సిద్ధం చేసుకోవాలి. "ఇంకా అప్లై చేస్తున్నాడు పిన్నీ, తేలాక నేనే చెప్తాను" అంటే చాలు. ఎక్కడెక్కడ వేశారో లిస్టు చెప్పారంటే, రాని ప్రతి కాలేజీకి మళ్లీ ఒక ఓదార్పు ఫోను వస్తుంది. పిల్లలు ఒప్పుకోకుండా ఏ వాట్సాప్ గ్రూపులోనూ ఏదీ పెట్టకండి. సాయిబాబా గుడిలో కలిసిన ఆంటీ నేరుగా వాళ్లనే అడుగుతుంది. అప్పుడు మధ్యలో దూరి మాట మార్చే బాధ్యత మీదే.

నిద్ర పోయింది, తిండి తగ్గింది, దేనిమీదా ఆసక్తి లేదు, ఇలా వారాల తరబడి కనిపిస్తే అప్లికేషన్ టెన్షన్ అని సరిపెట్టుకోకుండా డాక్టర్‌కు చూపించండి. ఒక కాలేజీ గడువు దాటిపోయినా ఫర్వాలేదు.

8. డిసెంబరు నుంచి ఏప్రిల్: ఫలితాలు

ఎర్లీ ఫలితాలు ఎక్కువగా డిసెంబరు మధ్యలో, రెగ్యులర్ ఫలితాలు మార్చి చివరికల్లా వస్తాయి. పోర్టల్ తెరిచేటప్పుడు మీరు పక్కన ఉండాలా వద్దా అని ముందే అడగండి. కొందరు ఒంటరిగా చూసుకోవాలనుకుంటారు. రాలేదంటే ఆ సాయంత్రం విశ్లేషణ వద్దు. "ఆ బీ గ్రేడ్ వల్లే" అన్న మాట ఇరవై ఏళ్లు గుర్తుంటుంది.

డిఫర్ చేస్తే, అంటే ఎర్లీలో తేల్చకుండా రెగ్యులర్ రౌండుకు వాయిదా వేస్తే, ఇంకా ఆసక్తి ఉందని, ఈ మధ్య ఏం చేశారో చెబుతూ చిన్న ఉత్తరం రాయవచ్చు. ఆ కాలేజీ వద్దంటే రాయకూడదు. వెయిట్‌లిస్టు మీద ఇల్లు కట్టొద్దు. చేతిలో ఉన్న కాలేజీకి డిపాజిట్ కట్టాకే దాని గురించి ఆలోచించాలి.

అవార్డు లెటర్లు వచ్చాక ఒక కాగితం మీద కాలేజీకో గడి గీయండి. మొత్తం ఖర్చులోంచి గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లు మాత్రమే తీసేయండి. లోన్లను, వర్క్-స్టడీని (చదువుతూ పనిచేసి సంపాదించుకునే డబ్బును) "సాయం" కింద కలిపి చూపించే లెటర్లు ఉంటాయి, వాటిని పక్కన పెట్టండి. మిగిలినదాన్ని నాలుగుతో గుణించి, జూన్‌లో అనుకున్న అంకె పక్కన రాయండి. ఉద్యోగం పోవడం, పెద్ద వైద్య ఖర్చు లాంటివి వచ్చి ఉంటే ఆధారాలతో ఎయిడ్ ఆఫీసుకు అప్పీలు చేయవచ్చు. ఇందులో మొహమాటం అక్కర్లేదు, వాళ్లకిది రోజూ ఉండే పనే. చాలా కాలేజీలకు నిర్ణయం చెప్పే చివరి తేదీ మే 1.

9. మే తర్వాత

ఆఖరి సెమిస్టర్ గ్రేడ్లు బాగా పడిపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే హక్కు కాలేజీకి ఉంది. అందుకని చదువు ఆపనివ్వద్దు, కానీ ప్రామ్‌కు వెళ్లనివ్వండి.

కాలేజీలో చేరాక గ్రేడ్లు, ఫీజు ఖాతా వివరాలు పిల్లల అనుమతి లేకుండా కాలేజీ సాధారణంగా మీకు చెప్పదు, ఫీజు కట్టేది మీరే అయినా సరే. ఫెర్పా అనే చట్టం అలా ఉంది. ఫీజు పోర్టల్‌లో మిమ్మల్ని చేర్చమని జులైలోనే అడగండి. 18 నిండాక ఆసుపత్రి వాళ్లు కూడా మీతో మాట్లాడటానికి వెనకాడతారు. అందుకే ఇల్లు వదిలే ముందు హిపా (వైద్య వివరాల గోప్యత చట్టం) అనుమతి పత్రం, మీ రాష్ట్రంలో చెల్లే హెల్త్‌కేర్ పవర్ ఆఫ్ అటార్నీ సంతకం చేయించి, ఫోన్లో ఒక కాపీ ఉంచుకోండి. టీకాల రికార్డు పాతది ఇండియా పుస్తకంలో ఉంటే ఇక్కడి డాక్టర్ చేత రాయించి, కాలేజీ హెల్త్ పోర్టల్‌లో ఎక్కించాలి. అది పూర్తి కాకపోతే చాలాచోట్ల క్లాసులకు రిజిస్టర్ కానివ్వరు. మీ ఇన్సూరెన్స్ కాలేజీ ఉన్న ఊళ్లో పనిచేస్తుందో లేదో చూసి, పనిచేస్తే కాలేజీ ఇన్సూరెన్స్ వద్దని గడువులోగా రాసివ్వాలి. లేకపోతే మొదటి బిల్లులోనే వేల డాలర్లు అదనంగా కలుస్తాయి.